జీపులో నాలుగు డిగ్రీలు

పెంచలయ్యను ఏమన్నా అనండి, పడతాడు. బట్టతల అంటే నవ్వుతాడు. గురక పెడతాడంటే ఒప్పుకుంటాడు. జీపును మాత్రం అనకూడదు. బనగానపల్లె బస్టాండు పక్కన టీకొట్టులో ఎవడో ఊరికి కొత్తవాడు ఒకసారి "ఈ డొక్కు ఇంకా తిరుగుతాండాదా?" అని నోరు జారాడు. పెంచలయ్య చేతిలో టీ గ్లాసు అక్కడే పెట్టేసి, ఆ మనిషిని జీపులో కూర్చోబెట్టుకుని, బేతంచెర్ల దాకా తీసుకుపోయి, మళ్లీ తెచ్చి అదే టీకొట్టు ముందు దింపి, "ఇప్పుడు చెప్పప్పా" అన్నాడు. ఏం చెబుతాడు పాపం, నడుము పట్టుకుని బస్సెక్కాడు.

పంతొమ్మిదేళ్ల బండి. ఇన్నేళ్లలో ఒక మనిషికి గానీ ఒక కుక్కపిల్లకు గానీ తగిలింది లేదు. అదంతా తన నేర్పు అని పెంచలయ్య ఎప్పుడూ గొప్పలు పోలేదు. శుక్రవారం పూజ మహిమ అనేవాడు. ప్రతి శుక్రవారం పొద్దున్నే తలస్నానం చేసి, తడి పంచెతోనే వచ్చి, బానెట్ ఎత్తి, లోపల పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం తిప్పి, టెంకాయ కొట్టేవాడు. పైపైన బానెట్‌కు మొక్కేవాళ్లంటే అతనికి చులకన. "ముఖానికి మొక్కితే ఏమొస్తాది? గుండెకాయకు మొక్కాల" అనేవాడు.

ఆ జీపులో ఇప్పుడు మనుషులు ఎక్కడం లేదు. రెండేళ్లుగా ఎక్కేది ఒక్కతే మనిషి. అతని అక్క కూతురు జీవిత. పశువైద్యంలో డిప్లొమా చదివింది. గొర్రెలకూ మేకలకూ టీకాలు వేస్తూ ఊరూరా తిరుగుతుంది. మేనకోడలు "మామా, నాకు తోడు రా" అని అడిగిన రోజునే పెంచలయ్య ప్యాసింజర్ ట్రిప్పులు మానుకున్నాడు. ఆ పిల్లంటే అతనికి ప్రాణం. జీపు తర్వాత అనుకునేరు, జీపుకంటే ముందే.

టీకా సీసాకు ఒక పట్టుదల ఉంది. రెండు డిగ్రీలకు తగ్గకూడదు, ఎనిమిది డిగ్రీలు దాటకూడదు. దాటిందా, అది మందు కాదు, ఉత్త నీళ్లు. ఇక్కడి మందలేమో ఒకచోట ఉండవు. ఎరువు కోసం రైతులు తమ చేలల్లో కట్టించుకుంటారు కాబట్టి నాలుగు రోజులకొక చేను మారతాయి. ఆ చేలల్లో కరెంటు ఉండదు. ఒక ఊరి మందలన్నీ తిరిగి రావాలంటే రెండు రోజులు పడుతుంది. ఎండాకాలంలో థర్మకోల్ డబ్బాలో ఐసు పెట్టుకుపోతే మధ్యాహ్నానికల్లా సీసాలు నీళ్లలో ఈదుతుంటాయి. అందుకే జీవిత జీపు బ్యాటరీ మీద నడిచే చిన్న ఫ్రిజ్ కొన్నది. మూత మీద లోపలి చలువ ఎంతో అంకె కనబడుతుంది. దాని వైరును స్టీరింగ్ పక్కన సిగరెట్ లైటర్ బొక్కలో గుచ్చుకుంటే చాలు, పని చేస్తుంది.

పని చేసింది కూడా, ఏప్రిల్ నెలాఖరులో ఒక శనివారం దాకా.

ఆ శనివారం తెల్లరాళ్లపల్లె మందలకు పారుడు రోగం టీకాలు వేయాలి. ఆ రోగం తగిలితే గొర్రె ముక్కు కారుతుంది, పారుకుంటుంది, వారం తిరక్కుండా పడిపోతుంది. ఊళ్లో గొర్రెలవాళ్లకు నారాయణే పెద్ద. అరవై దాటిన మనిషి, మాట కటువు. ఆయన చెప్పాడని పొద్దున్నుంచి మొదటి నాలుగు మందలనూ మేతకు వదలకుండా కట్టేశారు. జీపు ఆపి జీవిత ఫ్రిజ్ దగ్గరికి పోయింది. మూత మీద అంకె లేదు. తెరిచి లోపల చెయ్యి పెట్టింది. ఎండలో పెట్టిన చెంబులా వెచ్చగా ఉంది.

జీవిత సీసాలన్నీ బయటికి తీసి నేల మీద పెట్టింది. తర్వాత ఆరు సీసాలూ ఒక్కొక్కటే తెరిచి, గుంట తీసి, అందరి ఎదుటా అందులో వంచేసింది.

"ఏం పాపా, పారబోస్తాండావు!" అని అరిచాడు ఒక గొర్రెల కాపరి. "అదేదో సూదులెయ్యరాదా? నీళ్లో మందో, గొర్రెకేం తెలుస్తాది?"

"గొర్రెకు తెలీదన్నా, రోగానికి తెలుస్తాది" అంది జీవిత.

నారాయణ లేచి నిలబడ్డాడు. "నీ మాట నమ్మి నోరులేని జీవాలను ఇంతసేపు కడుపు మాడ్చినాం. విను, ఎట్ల అరుస్తాండాయో. ఇంగోసారి ఇట్ల జరిగితే మా చేన్ల గట్టు గూడా తొక్కొద్దు తల్లీ."

దారి పొడుగునా జీవిత ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండుననుకున్నాడు పెంచలయ్య. చేతిలో కండువా మడత పెడుతూ, విప్పుతూ, మళ్లీ మడత పెడుతూ కూర్చుంది. పెంచలయ్య మాత్రం బనగానపల్లె దాకా ఫ్రిజ్‌ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. దాన్ని చేసినవాణ్ణి తిట్టాడు, అమ్మినవాణ్ణి తిట్టాడు, రోడ్డు మీద గతుకులను తిట్టాడు. జీపును ఒక్క మాట అనలేదు.

మంగళవారం జీపు మస్తాన్‌వలి షెడ్డు ముందు ఆగింది. బండ్లకు కరెంటు పని చేయడంలో మస్తాన్‌వలిని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. మాటలు ఎక్కువ, కాని చెయ్యి మాటలకంటే వేగం. లైటర్ బొక్కలో వైరు వేలితో ఇలా తాకాడో లేదో, ఊడి కింద పడింది.

"పెంచలన్నా, ఈ బొక్క ఎందుకు పెట్టినారో తెలుసా నీకు? బీడీ ముట్టించుకోనీకి. అర నిమిషం పని. దీంట్లో ఫ్రిజ్ గుచ్చి రెండ్రోజులు గతుకుల్లో తిప్పుతావా? ప్రతి గుంతకూ ఇంత ఇంత బయటికొస్తాది."

"మరి కంపెనీవోడే ఆ వైరిచ్చినాడు గదా!"

"కంపెనీవోడు తెల్లరాళ్లపల్లె దావ చూసినాడా?"

మస్తాన్‌వలి బానెట్ కింద తల దూర్చాడు. ఫ్యూజు డబ్బా ఊడదీసి చూపించాడు. లోపల ఇత్తడి మీద పచ్చటి చిలుము పొక్కులు పొక్కులుగా పేరుకుని ఉంది. "పాత బండి గదా, చిలుము పట్టింది" అన్నాడు.

"పాత బండి అనొద్దు" అన్నాడు పెంచలయ్య.

"సరే, అనుభవం గల బండి. డబ్బా మాత్రం మార్చాల."

గోనెపట్ట పరిచి దాని మీద మూడు రకాల కనెక్టర్లు పెట్టాడు. మొదటిది లైటర్ బొక్కలోకే వెళ్లేది, కాకపోతే కొత్తది, పెళ్లికూతురి ముక్కుపుడకలా మెరుస్తోంది. రెండోది నల్లగా, చదునుగా, హెడ్‌లైట్ల వైర్లకు వాడేది. మూడోది బూడిద రంగులో, సబ్బుబిళ్లంత, బండగా ఉంది. పెంచలయ్య చెయ్యి నేరుగా మెరిసేదాని మీదికి పోయింది.

"నాకు తెలుసన్నా నువ్వు దాన్నే ఎత్తుకుంటావని" అన్నాడు మస్తాన్‌వలి. "పాపా, నువ్వు రా. మూడింటినీ ఫ్రిజ్‌కు తగిలిస్తా. ఒక్కోదాన్నీ అరగంట నడిపిచ్చి చూడు. నేను చెప్పేది నమ్మొద్దు, నీ చేతిని నమ్ము."

జీవితకు ఆ మాట నచ్చింది. చాప వేసుకుని కూర్చుంది. మెరిసేది ఒక్క గుంజుకు ఊడి వచ్చింది. నల్లది ఊడలేదు గాని, అరగంటయ్యాక పట్టుకుని చూస్తే ఇడ్లీ పాత్ర మూతలా చురుక్కుమంది. బూడిద రంగుదాన్ని రెండు చేతులా పట్టుకుని, కాలు జీపుకు తన్నిపెట్టి గుంజింది. రాలేదు. పెంచలయ్య గుంజాడు. రాలేదు. అరగంట తర్వాత ముట్టుకుంటే చల్లగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

"ఈ-ఆటోలకు చార్జింగ్ పెట్టేది చూసినావు గదా, దాని చెల్లెలే ఇది" అన్నాడు మస్తాన్‌వలి. "లోపల రెండు రాగి రేకులుంటాయి. కింద స్ప్రింగు ఒకదానికొకటి అదిమి పెడతాది. గుంతలో పడేకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి."

"ఇదే" అంది జీవిత. పెంచలయ్యను అడగను కూడా లేదు.

చిటికెన వేలంత లావు వైరు బ్యాటరీ దగ్గర నుంచి వెనక సీటు దాకా లాగారు. వైరు కొసలను మెలిపెట్టి టేపు చుడదామని పెంచలయ్య చెయ్యి చాపితే మస్తాన్‌వలి కసిరాడు. "టేపు చుట్టేది పెండ్లి పందిట్లో రంగు లైట్లకప్పా!" అని, కొసలకు రాగి తొడుగులు తొడిగి, పొడుగు పిడుల పట్టకారుతో కరకరా నొక్కాడు. బ్యాటరీ పక్కన చోటుందని కనెక్టర్‌ను అక్కడే బిగించి, "దీనికి తడి తగలకుండా చూసుకో అన్నా" అన్నాడు.

"తడా? ఈ సీమలో మే నెలలో తడి యాడుంటాది, నా చొక్కాలో తప్ప!" అని పెంచలయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వు గుర్తుపెట్టుకోండి.

బుధవారం ఫ్రిజ్ నిండా నీళ్ల సీసాలు పెట్టుకుని, నాపరాతి గనుల లారీలు తిరిగే దారిలో ఇద్దరూ పొద్దంతా జీపు తిప్పారు. ఆ దారిలో పోతే తిన్న ఉగ్గాని గొంతులోకి వస్తుంది. పెంచలయ్య రెండు నిమిషాలకోసారి వెనక్కి తిరక్కుండానే అరిచాడు.

"ఎంతుండాది?"

"నాలుగు!"

"ఇప్పుడెంతుండాది?"

"నాలుగే మామా, ముందు చూసి తోలు!"

సాయంత్రం టీకొట్టులో పెంచలయ్య చెప్పిన కథ అంతా ఇంతా కాదు. గుంత గుంతకూ లెక్క చెప్పాడు. మర్నాడూ చెప్పాడు. శుక్రవారం పొద్దున తలస్నానం చేసి వచ్చి, కొత్త కనెక్టర్‌కు కూడా బొట్టు పెట్టి, ఈసారి కాస్త పెద్ద టెంకాయే కొట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం జీవిత ఫోను మోగింది. నారాయణ.

"పాపా, పక్కూళ్లో పారుడు రోగమొచ్చింది. నిన్నటికే పద్దెనిమిది గొర్రెలు పోయినాయి. మాయి తొమ్మిదొందలున్నాయి. నీ మీద కోపం కోపమే, కానీ ఇప్పుడు నువ్వు తప్ప పిలిస్తే వచ్చేటోళ్లు లేరు. తెస్తావా, ల్యాదా?"

"తెస్తా పెదనాయనా. బుధవారానికి మీ చేన్లో ఉంటా."

ఫోను పెట్టేసి కర్నూలుకు చేసింది. మందుల దుకాణంలో ఉన్నవి పదే సీసాలు. సీసాకు వంద సూదులు, చిందేది పోగా తొమ్మిది వందల గొర్రెలకు సరిగ్గా సరిపోతాయి. మళ్లీ సరుకు వచ్చేది పదిహేను రోజుల తర్వాత. అంటే ఈ పదీ వెచ్చబడితే ఇంక అంతే. తెల్లరాళ్లపల్లె దొడ్లు ఖాళీ అయిపోతాయి. జీవిత పేరు ఎత్తితే ఉమ్మేసే రోజు వస్తుంది. ఆ మాట ఆమె అనలేదు. పెంచలయ్యకు వినబడింది.

"ఏం భయం లేదు పాపా. మన కనెక్టర్ ఉండాది" అని, ధైర్యానికి ఒకసారి ఫ్రిజ్ వేసి చూపిద్దామని స్విచ్చి నొక్కాడు. అంకె వెలిగింది. ముప్పై అయిదు దగ్గర మొదలై ముప్పైకి దిగి, అక్కడ మిణుకుమిణుకుమని ఆరిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఆరిపోయింది.

సోమవారం మస్తాన్‌వలి షట్టర్ ఎత్తేసరికి జీపు ఎదురుగా ఉంది. పెంచలయ్య నిప్పులు కక్కుతున్నాడు. "ఊడదు, కాలదు అని కోతలు కోసినావే! నీ ఈ-ఆటో చెల్లెలు అయిదు రోజులకే చచ్చింది చూడు! పనికిమాలిన సరుకు అంటగడతావా నాకు?"

మస్తాన్‌వలి మారు మాట్లాడకుండా బానెట్ ఎత్తి కనెక్టర్ విప్పాడు. లోపల టార్చి కొట్టాడు. ఇంకా దగ్గరికి వంగాడు. సన్న స్క్రూడ్రైవర్‌తో గీరి, బయటికి వచ్చినదాన్ని తెల్లకాగితం మీద రాల్చాడు. పచ్చటి చిలుము, తడి కుంకుమ, కొబ్బరి పీచు ఒకటి. దాని వెనకే ఎర్రచీమలు, ఒకటి కాదు రెండు కాదు, బారు కట్టి బయటికి వచ్చాయి.

మస్తాన్‌వలి చీమలను చూశాడు. పెంచలయ్యను చూశాడు.

"అన్నా, టెంకాయ నీళ్లు యాడ పోస్తాండావు?"

పెంచలయ్య చీమలనే చూస్తున్నాడు.

"చెప్పన్నా."

"యాడంటే... ఇంజిను మీద. బ్యాటరీ మీద. కొత్తది బిగిచ్చినాం గదా అని, దాని మీద గూడా కొంచెం..."

"ఎన్నాళ్లనించి?"

"ప్రతి శుక్రవారం. పంతొమ్మిదేండ్లనించి."

మస్తాన్‌వలి స్టూలు లాక్కుని కూలబడ్డాడు. "అల్లా! ఆ పొద్దు ఫ్యూజు డబ్బాలో చూపిచ్చినా గదా పచ్చ చిలుము, అదీ ఇదే. నేను పాత బండి అనుకుంటి. టెంకాయ నీళ్లల్లో ఉప్పుంటాది, తీపుంటాది. కరెంటు పారేచోట ఉప్పు నీళ్లు పోస్తే రాగిని కొరుక్కు తింటాది. తీపికి చీమలొస్తాయి. పాత లైట్లకూ హారన్‌కూ ఇంత కరెంటొద్దు గనక ఇన్నాళ్లూ నడిచింది. ఫ్రిజ్‌కు అట్ల గాదు, నిండుగా అందల్ల. లైటర్ బొక్క సగం తప్పు. మిగతా సగం నీదన్నా."

పెంచలయ్య జీవిత వైపు చూడలేకపోయాడు. తెల్లరాళ్లపల్లెలో గుంటలోకి వంగిన ఆరు సీసాలు, ఆకలికి అరిచిన గొర్రెలు, అందరి ముందూ తలవంచుకుని నిలబడిన ఈ పిల్ల, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. ఆ రోజు దారి పొడుగునా తాను ఎవరెవరిని తిట్టాడో అవన్నీ తిరిగి వచ్చి తన మీదే పడుతున్నట్టు అనిపించింది.

"ఆరు సీసాలు మామా!" అంది జీవిత. మాట విసురుగా వచ్చింది. కోపమే అది. "ఆ పొద్దు నేను ఎన్ని మాటలు పడ్తినో నీకు తెలుసు గదా."

"తెలుసు పాపా. నన్ను చెప్పు తీసుకోని కొట్టు. ఇంగ ఈ జన్మలో జీపుకు పూజ చెయ్యను."

జీవిత ఆ కాగితం తీసుకుపోయి చీమలను బయట దులిపింది. ఆ తర్వాత ముక్కు చీదుకుని, "పూజ ఎవరు మానమన్నారు?" అంది. "ముందర టైరుకు చేసుకో. టైరు గూడా జీపే గదా."

"నేనూ కొత్త బండికి ఫాతెహా చదివిచ్చేటోణ్ణేలే అన్నా" అన్నాడు మస్తాన్‌వలి. "దండం పెట్టుకో, కర్పూరం వెలిగిచ్చుకో. స్నానం మాత్రం పొయ్యొద్దు. సరే లే, పని చూద్దాం. రేపటికి కావల్ల గదా?"

ఆ రోజు మస్తాన్‌వలి వేరే బండి ముట్టుకోలేదు. వైరు మొత్తం మార్చాడు. కొత్త కనెక్టర్ జత తీసుకుని, ఈసారి బానెట్ కింద కాకుండా వెనక సీటు అడుగున, ఎత్తుగా, మూతి నేలవైపు ఉండేలా బిగించాడు. నీళ్లు పడినా కారిపోవాలే తప్ప నిలవకూడదు. రబ్బరు తొడుగు వేశాడు. ఫ్యూజుకు మూత బిగుతుగా ఉండే డబ్బా పెట్టాడు. బ్యాటరీ కొసలకు గ్రీజు పూశాడు. ప్రతి స్క్రూనూ పెంచలయ్య చేత రెండోసారి బిగింపించాడు. మస్తాన్‌వలి "పాత బండి" అని రెండుసార్లు అన్నా పెంచలయ్య ఊరుకున్నాడు.

మంగళవారం మధ్యాహ్నం కర్నూలులో పది సీసాలు ఫ్రిజ్‌లోకి ఎక్కాయి. ఓర్వకల్లు రాళ్లగుట్టలు నిప్పులగుండంలా కాగుతున్నాయి. బయట నలభై మూడు. లోపల నాలుగు. పాణ్యం దాటారు. నాలుగు. ఇంటి ముందు ఆపి, మధ్యమధ్య ఇంజిను నడుపుతూ తెల్లవార్చారు. నాలుగు.

బుధవారం పొద్దున తెల్లరాళ్లపల్లె మట్టిదారిలో, వాగు దిగేచోట, ఒక రాయి తప్పించబోయి పెంచలయ్య ముందు చక్రాన్ని పెద్ద గుంతలో దింపాడు. జీపు ఎగిరి పడింది. వెనక ఫ్రిజ్‌ను కట్టిన పట్టీ పుటుక్కున తెగింది. ఫ్రిజ్ జర్రున జారి తలుపు దాకా పోయి, అడ్డంగా ఆగింది.

పెంచలయ్య బ్రేకు వేశాడు. దిగలేదు. స్టీరింగ్ పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. అయిపోయింది అనుకున్నాడు. ఈసారి "ఎంతుండాది?" అని అరవలేదు.

వెనకనుంచి జీవిత గొంతు వినబడింది. "మామా, ఒక్కసారి వచ్చి చూడు."

వచ్చి చూశాడు. ఫ్రిజ్ వైరు చివరిదాకా సాగి, తీగలా బిగుసుకుని ఉంది. రెండో చివర సీటు కింద ఆ బూడిద రంగు సబ్బుబిళ్ల, వెంట్రుకవాసి కూడా కదలకుండా పట్టుకునే ఉంది. మూత మీద అంకె వెలుగుతోంది. నాలుగు.

పెంచలయ్య ఆ నడి వాగులో, ఇసుకలో నిలబడి, కండువా గాల్లోకి విసిరి కేక పెట్టాడు. పైన ఎక్కడో మేకలు బెదిరి పరుగెత్తాయి. "భలే పట్టినావే నా తల్లీ!" అన్నాడు. కనెక్టర్‌నో, మేనకోడలినో, తెలియలేదు.

చేను గట్టు మీద నారాయణ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనక మందలు, కాపరులు. "ఏం పాపా, గుంట తవ్వి పెట్టల్లా? ఈసారి యాడ పారబోస్తావు?" అన్నాడు ఒకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. పెంచలయ్య గొంతులోకి ఒక మాట వచ్చింది. అది బయటికి రాకుండా అక్కడే అడ్డం పడింది. జీవిత తన మామ వైపు ఒకసారి చూసి, నవ్విన వాళ్లకు ఏ జవాబూ చెప్పకుండా ఫ్రిజ్ మూత తెరిచింది.

నారాయణకు అంకెల మీద నమ్మకం లేదు. తనే చెయ్యి పెట్టి ఒక సీసా తీసి, ఎండకు కమిలిన చెంపకు ఆనించుకున్నాడు. కాసేపు అలాగే ఉంచుకున్నాడు. "సల్లగుండాది" అన్నాడు. "దొడ్డి తలుపు తీయండ్రా!"

ఆ రెండు రోజులూ పని ఎలా జరిగిందో ఆ ఊరివాళ్లను అడగండి. కాపరులు పట్టుకోవడం, జీవిత సూది వేయడం, వేసినదాని నెత్తిన పెంచలయ్య రంగు గుర్తు పెట్టడం. పొద్దు వాలితే చేలోనే వంట, చేలోనే పడక. గంటగంటకూ లెక్కబెట్టి పెంచలయ్య ఇంజిను నడిపాడు. గురువారం సాయంత్రం ఆఖరి పొట్టేలు సూది దెబ్బకు ఎగిరి ఎవరినో కుమ్మి పారిపోయేసరికి, ఫ్రిజ్‌లో ఖాళీ సీసాలు పది. మూత మీద నాలుగు.

మూడు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం పొద్దున పెంచలయ్య జీపు బస్టాండు దగ్గర టీకొట్టు ముందు ఆగి ఉంది. జీవిత ముందు సీట్లో కూర్చుని సామాను సర్దుకుంటోంది. మస్తాన్‌వలి టీ తాగుతున్నాడు. బస్సు దిగి, తెల్లటి పంచె కట్టుకుని, చేతిలో సంచితో నారాయణ వచ్చాడు.

"పాపా!" అని కేకేశాడు. బస్టాండంతా తిరిగి చూసింది. "పక్కూళ్లో దొడ్లు దొడ్లే పోయినాయి. మా గట్టు దాకా వచ్చింది రోగం. తొమ్మిదొందల్లో ఒక్కటంటే ఒక్కటి పోలే! మా గట్టు తొక్కొద్దంటి గదా నిన్ను. ఆ మాట వెనక్కి తీసుకుంటాండా. ఇంగ మా ఊరి గట్లన్నీ నీవే. నిన్ను తెచ్చిన ఈ జీపుకు టెంకాయ కొట్టిపోదామని వచ్చినా."

సంచిలోంచి తలకాయంత టెంకాయ తీశాడు. పంచె ఎగగట్టి, ఎవరూ అడగకముందే బానెట్ ఎత్తాడు. పెద్దమనిషి, ఆయనకూ పైపైన మొక్కడం నచ్చదు కాబోలు. బ్యాటరీకి సూటిగా టెంకాయ పైకెత్తాడు.

"ఆగప్పా!" అని పెంచలయ్య పెట్టిన కేకకు టీకొట్టులో గ్లాసులు గలగలలాడాయి. ఒక్క దూకు దూకి నారాయణ చెయ్యి పట్టుకున్నాడు. "దీంట్లో కాదు! టైరు ముందర కొట్టు! దండం పెడతా, దీంట్లో ఒక్క చుక్క పడనియ్యొద్దు!"

"ఏమప్పా? దేవుని నీళ్లకు అడ్డమొస్తావు?"

ఆ జీపును ఒక్క మాట అంటే బేతంచెర్ల దాకా తిప్పి తెచ్చే మనిషి, ఇప్పుడు అందరి ముందూ నిలబడి ఉన్నాడు. మస్తాన్‌వలి గ్లాసులోకి చూసుకుంటున్నాడు. జీవిత ఏదో చెప్పబోయింది. పెంచలయ్య చెయ్యెత్తి ఆపాడు. గట్టు మీద అడ్డం పడిన మాట మూడు వారాల తర్వాత బయటికి వచ్చింది.

"ఆ నీళ్లే ఆ పొద్దు మీ టీకాలు చెడగొట్టింది. పోసింది నేను. ప్రతి శుక్రవారం పోసినా. వైర్లు తిని, ఫ్రిజ్ ఆగిపాయ. మీ గొర్రెలు కడుపు మాడింది నా వల్ల. మీరు తిట్టాల్సింది నన్ను. పాప పడింది."

నారాయణ టెంకాయ దించాడు. పెంచలయ్యను కింది నుంచి మీది దాకా చూశాడు. తర్వాత జీవిత వైపు తిరిగాడు.

"నీకు తెలుసునా పాపా?"

"రెండోసారి వచ్చేటప్పటికి తెలుసు పెదనాయనా."

"మరి గట్టు మీద అందరూ ఎగతాళి చేస్తాంటే ఒక్క మాట చెప్పకపోతివే?"

"మా మామను ఏమన్నా అనండి, పడతాడు" అంది జీవిత. "చెప్పింటే మీరు ఆయన జీపును గూడా అనేటోళ్లు. దాన్నంటే నేను పడను."

నారాయణ కడుపు చెక్కలయ్యేలా నవ్వాడు. ఆ నవ్వు మస్తాన్‌వలికి అంటుకుంది, టీకొట్టుకు అంటుకుంది. పెంచలయ్య ఒక్కడే నవ్వలేదు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"రాప్పా" అని నారాయణ అతని భుజం మీద చెయ్యి వేశాడు. తనే బానెట్ మూసి, టెంకాయ అతని చేతికిచ్చాడు. "నీ చేత్తోనే కొట్టు."

పెంచలయ్య ముందు చక్రం దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క దెబ్బకు టెంకాయను రెండు చెక్కలు చేశాడు. నీళ్లు టైరు మీద నుంచి మట్టిలోకి కారిపోయాయి. లేచి, చేతులు దులుపుకుని, స్టీరింగ్ ముందు కూర్చుని బండి స్టార్ట్ చేశాడు.

"ఎంతుండాది పాపా?"

"నాలుగు!" అన్నారు టీకొట్టులో అందరూ.